ఐడిల్‌లో ఎన్ని ఆంప్సండీ?

పోయిన వారం మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపాడు. అంబాజీపేట కుర్రాడు, కొబ్బరి వ్యాపారం. ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాడు గానీ, దాని మైలేజీ గురించి కంటే డిక్కీలో పెట్టించిన సబ్‌వూఫర్ల గురించే ఎక్కువ మాట్లాడతాడు. వాటిని నడిపేది వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్. పాట గట్టిగా పెడితే బండి లైట్లు డిమ్ కొడుతున్నాయని షాపుకి తీసుకెళ్తే, డైనమో (ఇంజను బెల్టుతో తిరుగుతూ బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు) చాలట్లేదు, 220 ఆంప్స్‌ది వేద్దామని రాసిచ్చారు. బిగింపుతో కలిపి నలభై వేల పైచిలుకు. ఫొటో కింద ఒకటే మాట: "మావయ్యా, తీసేసుకోనా?"

నేను కార్ ఆడియో మనిషిని కాను. పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువులకి మోటార్లు, ఏరేటర్లు, జనరేటర్లు చూసుకుంటూ బతుకుతున్నాను. కానీ కొటేషన్‌లో పెద్ద అంకె ఒకటి వేసి మిగతావి వదిలేయడం నా పనిలోనూ రోజూ చూసేదే. అందుకే ఆ కాగితం చూడగానే నాకు డబ్బు సంగతి తట్టలేదు. ఇందులో ఉండాల్సిన ఇంకో అంకె ఏదని వెతికాను. అది లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత దాన్ని నేనే తిరగేసి చూస్తాను. కాలవ గట్ల మీద, ఊరి వీధుల్లో, తీర్థాల రద్దీలో బండి నడిపేవాళ్లు ఆడియో కోసం డైనమో మార్చాలనుకుంటే ముందు అడగాల్సింది ఇంజను ఐడిల్‌లో (బండి ఆగి, యాక్సిలరేటరు తొక్కకుండా) ఉండగా, బాగా వేడెక్కాక, అది ఎన్ని ఆంప్స్ ఇస్తుందని. ఆ అంకె చెప్పలేని షాపులో 220 ఉన్నా, 300 ఉన్నా వెనక్కి వచ్చేయొచ్చు.

లేబుల్ మీద అంకె ఎక్కడిది

డైనమో రేటింగ్ కొలిచేది అది నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు. ఇది ఇంజను స్పీడు కాదు, డైనమో స్పీడు. క్రాంక్ పుల్లీ పెద్దది, డైనమో పుల్లీ చిన్నది కాబట్టి ఇంజను ఒక చుట్టు తిరిగితే డైనమో రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. ఇంజను 800 ఐడిల్‌లో ఉంటే డైనమో 2000కీ 2400కీ మధ్య ఎక్కడో ఉంటుంది. లేబుల్ మీద రాసిన ఆంప్స్ రావాలంటే ఇంజను 2000 దాటి తిరగాలి. కొన్ని డైనమోల మీద ఈ సంగతి దాచకుండా రాసే ఉంటుంది, 14వి 45-90ఎ అని, అంటే 14 వోల్టుల దగ్గర ఆంప్స్‌కి రెండు అంకెలతో. చిన్నది తక్కువ స్పీడులో వచ్చేది, పెద్దది 6000 దగ్గర వచ్చేది. మనవాళ్లు పెద్దదే చదువుతారు, అమ్మేవాళ్లూ అదే చదివి వినిపిస్తారు.

ఆ కొలత కూడా మామూలు గది వేడిలో తీసేది. రోహిణి కార్తెలో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రాగి తీగ పది డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం నాలుగు శాతం దాకా పెరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే మీటరు పెట్టి చూసిన ఆంప్స్, గంట సేపు ఎండలో నడిచాక ఉండవు.

ఇప్పుడు మావాడి బండి లెక్క చూద్దాం. కంపెనీ వేసిన డైనమో 90 ఆంప్స్‌ది. ఐడిల్‌లో వేడి మీద 45, మహా అయితే 50. ఇంజను సొంత ఖర్చు, అంటే ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు), ఇంజెక్టర్లు, పంపు లాంటివి, పది పదిహేను ఆంప్స్ తింటాయి. హెడ్‌లైట్లు 55 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు వేసుకుంటే ఎనిమిది, వెనక లైట్లూ మీటరు లైట్లూ కలిపితే పది దాటుతుంది. ఏసీ వేస్తే బ్లోయరు, రేడియేటరు ఫ్యాను, కంప్రెసరు క్లచ్ కలిసి ఇంకో పాతిక. రాత్రిపూట ఏసీ వేసుకుని రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిలో పాటకి మిగిలేది దాదాపు సున్నా. ఆంప్లిఫయరు ఆన్ చేసిన క్షణం నుంచీ బ్యాటరీ తన సొంత సొమ్ము తీసి ఖర్చుపెడుతోందన్నమాట.

మరి ఆంప్లిఫయరుకి ఎంత కావాలి? వెయ్యి వాట్ల క్లాస్ డి ఆంప్లిఫయరు నూటికి ఎనభై పాళ్లు పని చేస్తుందనుకుంటే 1250 వాట్లు లాగాలి. 13.8 వోల్టుల దగ్గర అది 90 ఆంప్స్. ఇక్కడే చాలామంది భయపడిపోయి పెద్ద డైనమో వైపు పరిగెత్తుతారు. కానీ పాట అంతా ఒకే మోత ఉండదు. మామూలు సినిమా పాటకి సగటున అందులో మూడో వంతు, అంతకంటే తక్కువే. డీజే రీమిక్సులకి బేస్ ఆగకుండా కొడుతుంది కాబట్టి సగం వేసుకోవచ్చు. అంటే 30 నుంచి 45 ఆంప్స్.

ఇదే బండి 216 హైవే ఎక్కి అమలాపురం నుంచి కాకినాడ వైపు ఎనభైలో వెళ్తోందనుకోండి. ఇంజను 2000 దగ్గర తిరుగుతుంది, పాత డైనమోయే నిండుగా 90కి దగ్గరగా ఇస్తుంది. బండి ఖర్చు 45 పోగా ఇంకో 45 పాటకి మిగులుతుంది. సరిగ్గా సరిపోయింది. హైవే మీద 220 అవసరమే లేదు, ఐడిల్‌లో 220 రాదు. నలభై వేలు దేనికిస్తున్నామో ఎవరైనా చెప్పాలి.

మనం పాట ఎక్కడ పెంచుతాం

దీనికి మావాడి జవాబు: "నేను ఐడిల్‌లో ఎప్పుడుంటాను మావయ్యా, ఎప్పుడూ పరుగే కదా." పరుగు అతనిదేమో, బండిది మాత్రం కాదు. అంబాజీపేట సందుల్లో కొబ్బరి లోడు లారీ ఎదురైతే ఎవరో ఒకరు పక్కకి తీసి ఆగాల్సిందే. కాలవ గట్టు రోడ్ల మీద రెండు బండ్లు తప్పుకోవాలంటే ఒకరు వెనక్కి వెళ్లాలి. మా భీమవరం - నరసాపురం లైను మీద గేటు పడితే సరేసరి.

ఇక కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద భుజాలెక్కి వస్తారు, కాలవలో దిగి, చేలకి అడ్డంపడి. ఆ పూట మొసలపల్లి చుట్టుపక్కల కార్లు నడవవు, జరుగుతాయి. అంతర్వేది తీర్థానికి సఖినేటిపల్లి రోడ్డూ అంతే. సరిగ్గా అప్పుడే అద్దాలు దించి పాట పెంచుతారు మావాళ్లు. హైవే మీద ఒంటరిగా వెళ్తూ ఎవరికి వినిపించాలి? నలుగురూ ఉన్న చోట, బండి ఆగి ఉన్న చోట, బయట నిలబడ్డ స్నేహితుడు తలూపుతున్నప్పుడు కదా సౌండు పైకెళ్లేది. పాటకి ఎక్కువ కరెంటు కావాల్సిన సమయమూ, డైనమో తక్కువ ఇచ్చే సమయమూ మన దగ్గర ఒకటే అయి కూర్చున్నాయి. ఎక్కడో నాలుగు వరసల రోడ్ల మీద తిరిగేవాళ్లు రాసిన సలహాలు మనకి నేరుగా పనికిరాకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

రివైండింగ్ చేసిన 220

షాపు వాళ్లు ఇస్తామన్నది పెట్టెలో వచ్చే కొత్త సరుకు కాదని రెండో ఫోన్‌కి తెలిసింది. పాత బాడీకి స్టేటర్ (కదలకుండా ఉండే, గాడుల్లో తీగ చుట్టిన భాగం) రివైండింగ్ చేసి, ఏసీ కరెంటుని డీసీ చేసే డయోడ్ ప్లేటు పెద్దది వేసి ఇస్తారట. రివైండింగ్ అంటే నాకు చిన్నచూపు లేదు, నా చేతిలో మోటార్లు సగం రివైండింగ్ అయినవే. కానీ ఎక్కువ ఆంప్స్ ఎలా తెస్తున్నారో అడగాలి. తీగ లావు పెంచితే గాడిలో చోటు అంతే కాబట్టి చుట్లు తగ్గుతాయి. చుట్లు తగ్గితే పై స్పీడులో ఆంప్స్ పెరుగుతాయి, నిజమే. కింది స్పీడులో మాత్రం వోల్టేజీ పుట్టడమే ఆలస్యం అవుతుంది. ఛార్జింగ్ మొదలవడానికే డైనమో ఇంకా ఎక్కువ తిరగాలి.

కొందరు తీగ మార్చకుండానే స్టార్ కనెక్షన్‌ని డెల్టా చేసేస్తారు, అంటే మూడు తీగ చుట్లని ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి మార్చేస్తారు. చెరువు మోటార్లకి స్టార్-డెల్టా స్టార్టర్లు బిగించేవాళ్లందరికీ ఈ లెక్క తెలిసిందే. డైనమో విషయంలో డెల్టా చేస్తే పైన కరెంటు ఎక్కువ వస్తుంది, ఛార్జింగ్ అందుకునే స్పీడు మాత్రం ఒకటికి 1.73 చొప్పున పైకి పోతుంది. అంటే 1200 దగ్గర అందుకునేది 2000 దాటాక గాని అందుకోదు. మన ఐడిల్ అక్కడే ఉంది! 220 అని చెప్పి అమ్మిన డైనమో ఐడిల్‌లో పాత 90 కంటే తక్కువ ఇవ్వడం మోసం కూడా కాదు, లెక్క ప్రకారం అది అలాగే ఇస్తుంది. బెంచి మీద గట్టిగా తిప్పి 220 చూపించి ఇస్తారు, చూపించింది నిజమే.

మంచి హై అవుట్‌పుట్ డైనమోలు లేవని కాదు. స్టేటర్‌లో గుండ్రటి తీగ బదులు పలక రాగి కడ్డీలు హెయిర్‌పిన్నుల్లా వంచి దూర్చి, గాడిని నిండా రాగితో నింపేసేవి వస్తున్నాయి. అదే బాడీలో ఎక్కువ రాగి పడుతుంది కాబట్టి అవి ఐడిల్‌లోనూ బాగా ఇస్తాయి. వాటిని నిజాయితీగా అమ్మేవాళ్లు స్పీడుకి ఎంత వస్తుందో చూపే గ్రాఫు కాగితం ఒకటి ఇస్తారు. ఆ కాగితంలో 2000 దగ్గర గీత ఎక్కడుందో చూస్తే మన పని అయిపోతుంది.

క్లాంప్ మీటరు సున్నా చూపించింది

కొటేషన్ పక్కన పెట్టి ముందు కొలుద్దాం రమ్మన్నాను. ఆదివారం చించినాడ వంతెన దాటి వచ్చాడు. వచ్చేటప్పుడు తనకి తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు కూడా అడిగి తెచ్చాడు. డైనమో వైరుకి దాన్ని తగిలిస్తే సున్నా, సున్నా పాయింట్ రెండు, మళ్లీ సున్నా. "డైనమో పోయింది మావయ్యా!" అని కంగారుపడిపోయాడు. ఇళ్ల వైరింగు చేసేవాళ్ల దగ్గర ఉండే మామూలు క్లాంప్ మీటరు దిశ మారుతూ ఉండే ఇళ్ల కరెంటునే, అంటే ఏసీ కరెంటునే పట్టుకుంటుంది, బ్యాటరీ వైపు ఒకే దిశలో నడిచేది డీసీ. డీసీ కూడా చూపించే క్లాంపు వేరే ఉంటుంది, కాస్త ఖరీదు. ఇదే ఏసీ క్లాంపు చూపించి డైనమో మార్పించినవాళ్లు ఎంతమంది ఉంటారోనని నాకు చాలాసేపు అనిపించింది.

నా డీసీ క్లాంపు తీశాను, వోల్టులకి మామూలు మల్టీమీటరు. ఇంజను ఐడిల్‌లో, ఏమీ వేయకుండా బ్యాటరీ దగ్గర 14.3. డైనమో ఆరోగ్యంగానే ఉంది. ఏసీ, లైట్లు వేస్తే 13.7. పాట పెట్టాడు. నా ఇంటి గుమ్మం రేకు తలుపు కూడా పాటకి దరువు వేసింది. బేస్ కొట్టినప్పుడల్లా బ్యాటరీ దగ్గర 12.9కి దిగుతోంది. అదే సమయంలో డిక్కీలో ఆంప్లిఫయరు టెర్మినల్స్ మీద పెట్టి చూస్తే 11.8.

ఈ రెండు అంకెల మధ్య తేడా, 1.1 వోల్టు, డైనమోకి ఏ మాత్రం సంబంధం లేనిది. అది దారిలో పోయింది. పాజిటివ్ వైరు కొసల మధ్య మీటరు పెడితే 0.6, ఎర్త్ వైపు, అంటే కరెంటు బండి బాడీ గుండా తిరిగొచ్చే దారిలో, 0.5. ఎర్రటి లావుపాటి కేబులు, చూడ్డానికి వేలు లావుంది, ప్యాకెట్ మీద నాలుగు గేజ్ అని ఉందట. కొస దగ్గర ఒక పోగు తీసి బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. రాగి పూత పూసిన అల్యూమినియం రాగిలో మూడింట రెండొంతుల మేర కూడా కరెంటుని మోయలేదు. అసలైన రాగిలో నాలుగు గేజ్ అయినా అయిదు మీటర్లకి వంద ఆంప్స్ దగ్గర 0.4 వోల్టు పోతుంది, ఇందులో 0.6 పోయిందంటే తప్పు లేదు.

ఎర్త్ ఇంకా ముచ్చటగా ఉంది. వెనక సీటు బోల్టు కిందే కలిపేశారు, పెయింటు గీకకుండా. బోల్టు విప్పితే వాషరు అంచున పచ్చగా చిలుము. మన వైపు గాలిలో తేమా ఉప్పూ ఎలా ఉంటాయో ఇనప గేట్లు చూస్తే తెలుస్తుంది, సముద్రానికి ఇంత దగ్గరగా ఉండి ఎర్త్ పాయింటుకి కాస్త గ్రీజు కూడా రాయకపోతే ఎలా?

వెల్డింగు కేబులు, 50 స్క్వేర్ ఎమ్ఎమ్, అసలు రాగి. పాజిటివ్‌కి అది వేశాం, బ్యాటరీ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాం. బానెట్ కింద మూడు వైర్లు మార్చాం: డైనమో నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి. వెనక ఎర్త్ దగ్గర లోహం మెరిసేదాకా గీకి బిగించాం. సాయంత్రానికి అదే పాట, అదే సౌండు, ఆంప్లిఫయరు దగ్గర 12.6. లైట్లు ఇంకా కొంచెం డిమ్ కొడుతున్నాయి గానీ పక్కవాడు చెబితే గాని తెలియనంత. ఖర్చు కొటేషన్‌లో ఆరో వంతు కూడా కాలేదు.

కాబట్టి డైనమో అక్కర్లేదా అంటే, అలా అనను. బ్యాటరీ దగ్గర 12.9 ఇంకా అలాగే ఉంది. నిండా ఛార్జయి ఊరికే ఉన్న బ్యాటరీయే 12.6, 12.7 చూపిస్తుంది. అంటే ఐడిల్‌లో బేస్ కొట్టినప్పుడల్లా డైనమో చేతులెత్తేస్తోంది, బ్యాటరీ దిగుతోంది. అసలు లోటు ఇప్పుడు కనిపిస్తోంది, అంతకుముందు వైర్ల చాటున ఉండిపోయింది.

కెపాసిటరు, రెండో బ్యాటరీ

కెపాసిటరు వేస్తే చాలన్నాడు మావాడి స్నేహితుడొకడు. ఒక ఫారడ్ కెపాసిటరు, నీలం లైట్లతో వోల్టేజీ చూపిస్తూ ముద్దుగా ఉంటుంది. అది 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు బయటికి ఇచ్చేది 26 జౌల్స్ శక్తి. మన ఆంప్లిఫయరు నిండుగా లాగేది సెకనుకి 1250. సెకనులో యాభయ్యో వంతుకి వస్తుంది, అంతే. వరిచేనుకి ముంతతో నీళ్లు పెట్టినట్టే, పైగా ఆ ముంతని మళ్లీ నింపాల్సింది కూడా ఈ డైనమోయే.

రెండో బ్యాటరీ ఆలోచన దీనికంటే నయం. ఇంజను ఆపేసి పాట వినేవాళ్లకి అదే సరైనది. నడిచే బండిలో మాత్రం అది లోటుని పూడ్చదు, వాయిదా వేస్తుంది. వాడుకున్నదంతా తర్వాత డైనమోయే తిరిగి కట్టాలి. మావాడు తీర్థం నుంచి ఇంటికి పది నిమిషాల దారిలో ఎంత కడతాడు? అదీ కాక మన ఊళ్లలో ఒక ప్రమాదకరమైన అలవాటుంది, ఇంట్లో మార్చేసిన పాత ఇన్వర్టర్ బ్యాటరీని డిక్కీలో పడేయడం. ట్యూబులర్ బ్యాటరీ నెమ్మదిగా గంటల తరబడి ఇవ్వడానికి చేసింది, ఒక్కసారిగా వంద ఆంప్స్ లాగితే వోల్టేజీ కూలిపోతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అదీ మనుషులు కూర్చునే గదిలోకి. సీల్డ్ ఏజీఎం బ్యాటరీ (ఆమ్లాన్ని గాజుపీచు పొరల్లో పీల్చుకుని మూసి ఉండేది) అయితే వేరే మాట.

నిలబెట్టి గంటల తరబడి వాయించాలంటే అసలు దారేదో మన డీజే బండ్ల వాళ్లకి ఎప్పుడో తెలుసు. పెళ్లి ఊరేగింపులో, వినాయకుడి నిమజ్జనంలో ముందు నడిచే ఆ బండ్ల మీద జనరేటరు ఎక్కించి ఉంటుంది, ఆంప్లిఫయర్లు 230 వోల్టుల మీద నడుస్తాయి. సౌండు అమ్ముకుని బతికేవాళ్లు బండి డైనమోని ముట్టుకోరు. బేరం తెలిసినవాళ్లు కదా, ఊరికే అలా చేయరు.

ఇంతా చేస్తే సౌండు పెరుగుతుందా

నా వాదన నాకే కాస్త వదులుగా కనిపించేది ఇక్కడ. ఆంప్లిఫయరు దగ్గర 14.4 ఉండాల్సింది 12.6కి పడితే చాలా ఆంప్లిఫయర్లలో పవరు నూటికి ఇరవై మూడు పాళ్లు తగ్గుతుంది. వినడానికి ఘోరంగా ఉంది. చెవికి మాత్రం అది ఒక డెసిబెల్ (సౌండుకి కొలత) పైన కాస్త. ఎదురుగా కూర్చున్నవాడు కనిపెట్టలేడు. పవరు రెట్టింపు చేసినా పెరిగేది మూడు డెసిబెల్సే, సౌండు రెండింతలైందని అనిపించాలంటే పదింతల పవరు కావాలి. మరి సౌండు కోసం డైనమో మార్చడంలో అర్థమేముంది?

సౌండు కోసమైతే లేదు. మూడు డెసిబెల్స్ సెన్సిటివిటీ ఎక్కువున్న, అంటే అదే పవరుకి అంత ఎక్కువ మోగే వూఫరు కొన్నా, దాని పెట్టె సరైన కొలతతో చేయించినా ఆంప్లిఫయరు రెట్టింపు చేసినంత ఫలితం, కరెంటు ఒక్క ఆంపు కూడా ఎక్కువ లాగకుండా. మావాడి పెట్టె అంగడిలో రెడీమేడ్‌గా దొరికింది, వూఫరుకి దానికి పొంతన లేదు. ఇది చెబితే మాత్రం వాడికి రుచించలేదు. పెట్టె మార్చానని స్నేహితులకి చెప్పుకోవడానికి ఏముంటుంది, 220 ఆంప్స్ అంటే ఆ దర్జా వేరు. వయసులో ఉన్నవాడి సరదాని నేను తీసిపారేయను. కాకపోతే ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, రాత్రి పదికి స్పీకర్లు కట్టేయాలని కూడా ఉంది. ఎస్సైగారు ఆపితే ఆంప్స్ లెక్క వినరు.

డైనమో మార్చడానికి మిగిలే కారణం బ్యాటరీ ఆయుష్షు. రోజూ లోటులో నడిచే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, నాలుగేళ్లు రావాల్సింది ఏడాదిన్నరకే సెల్ఫ్ తిప్పలేని స్థితికి వస్తుంది. ఐడిల్‌లో ఎప్పుడూ పూర్తి లోడు మీద మూలిగే పాత డైనమో, ఫ్యాను గాలి కూడా సరిగ్గా తగలక, డయోడ్లు మాడ్చుకుంటుంది. పైగా వోల్టేజీ పడిపోయిన ఆంప్లిఫయరుని ఇంకా గట్టిగా నొక్కితే క్లిప్పింగ్ (సౌండు అలల కొసలు తెగిపోవడం) మొదలై వూఫరు కాయిల్ వాసనొస్తుంది. ఇవి నిజమైన ఖర్చులు.

ఏది తీసుకోమన్నాను

అదే ఇంజను కుటుంబంలో ఎక్కువ సామాన్లున్న పై మోడళ్లకి కంపెనీయే పెద్ద డైనమో వేస్తుంది. బోల్టు రంధ్రాలు, ప్లగ్గు కలిసేది వెతికితే 130 ఆంప్స్‌ది ఒకటి దొరికింది, దాని కాగితంలో ఐడిల్ దగ్గర 70 అని ఉంది. వేడి మీద 60 అనుకుందాం. బండి ఖర్చు 45 పోతే పాటకి పదిహేను. డీజే పాట సగటున 45 అడిగితే ముప్ఫై లోటు, అరగంట రద్దీలో బ్యాటరీ నుంచి పదిహేను ఆంపియర్ అవర్లు పోతాయి. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది, హైవే ఎక్కాక మెల్లగా తిరిగి నిండుతుంది. పాత డైనమోతో అయితే లోటు 45. గొప్ప తేడా కాదని మీరు అనొచ్చు. నేనూ అన్నాను. కానీ రివైండింగ్ 220తో ఆ లోటు ఇంకా పెరిగే అవకాశముంది, అది గుర్తుంచుకోండి.

2020 తర్వాత బీఎస్6 బండి అయితే జాగ్రత్త ఇంకొకటి. వోల్టేజీ ఎంతుండాలో డైనమోకి ఈసీయూయే చెప్పే బండ్లు చాలా ఉన్నాయి, వేరే రకం డైనమో తగిలిస్తే బ్యాటరీ లైటు వెలుగుతూనే ఉంటుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటే ఎర్త్ వైరు టెర్మినల్‌కి తగిలించకూడదు, సెన్సర్‌కి అవతల బాడీకే తగిలించాలి. లేకపోతే ఆంప్లిఫయరు తినేదంతా ఈసీయూ లెక్కలోకి రాదు. బెల్టుతోనే ఇంజను స్టార్ట్ చేసే మైల్డ్ హైబ్రిడ్ బండ్లలో డైనమో మార్చాలన్న ఆలోచనే వద్దు.

పుల్లీ చిన్నది చేస్తే ఐడిల్‌లో స్పీడు పెరుగుతుంది కదా అని అడుగుతారు. పెరుగుతుంది. డీజిల్ ఇంజను 4500 దాటి తిరగదు కాబట్టి డైనమో పైన పగిలిపోయే భయం కూడా పెద్దగా లేదు. కానీ చిన్న పుల్లీకి బెల్టు చుట్టుకునే పట్టు తగ్గుతుంది. 200 ఆంప్స్ అంటే 14 వోల్టుల దగ్గర 2800 వాట్లు, నష్టాలు కలుపుకుంటే ఆ బెల్టు మీద ఆరు హార్స్‌పవర్ పైన పడుతుంది. కీచుమని జారుతుంది, వర్షాకాలం మరీను. డీజిల్ బండ్ల డైనమో పుల్లీ లోపల ఒక వైపే పట్టే ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది చాలావాటికి. దాన్ని తీసేసి మామూలు చిన్న పుల్లీ వేస్తే బెల్టూ టెన్షనరూ ఊగిపోయి త్వరగా పోతాయి. మావాడికి పాత పుల్లీయే ఉంచమన్నాను.

ఇక షాపాయనతో బేరం. బిగించిన రాత్రి ఏసీ, లైట్లు, పాట అన్నీ వేసి అరగంట ఐడిల్‌లో ఉంచాలని, బేస్ కొట్టినప్పుడు బ్యాటరీ దగ్గర 13 వోల్టుల కిందికి పోతే డబ్బు వాపసని రాసివ్వమని అడిగించాను. "అలా ఎవరూ అడగరండీ" అన్నాడట ముందు. తర్వాత ఆలోచించుకుని 13 కాదు, 12.8 అయితే రాస్తానన్నాడట, పాట మాత్రం తను ఎంచుకుంటాడట. 12.8కి ఒప్పుకోవచ్చు. పాట సంగతే తేలలేదు.